గుప్తనిధి నుంచి కుండపెంకు దాకా: అభిరుచి పురాతత్వం, మానసిక ఆరోగ్యం – ఒక విమర్శ

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• అభిరుచి పురాతత్వం మనసుకు మేలు చేస్తుందనే వాదంలో ఏయే అంశాలు కలగలిసి ఉన్నాయో విడదీసి చెప్పగలుగుతారు.
• ఆ వాదానికి ఉన్న ఆధారాల బలాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.
• వేరే దేశంలో పుట్టిన ఆలోచనను మన నేలకు అన్వయించేటప్పుడు వేయవలసిన ప్రశ్నలను గుర్తిస్తారు.
• మీ సొంత మండలాన్ని ఉదాహరణగా తీసుకుని ఒక విమర్శ వ్యాసం రాయగలుగుతారు.

1.1 ప్రస్తావన

ఉద్యోగరీత్యా కాకుండా, ఇష్టం కొద్దీ పాత కాలపు ఆనవాళ్లను వెదికి, చూసి, రాసిపెట్టే పనిని అభిరుచి పురాతత్వం అంటారు. ఇది తెలంగాణకు కొత్త కాదు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను ఏర్పాటు చేసింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీద హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి వెలిసింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివారు ఊరూరా తిరిగి శాసనాల నకళ్లు సేకరించారు. వారి కృషి ఫలితంగా 1935లో 'తెలంగాణ శాసనములు' సంపుటం వెలువడింది. ఈనాడు శ్రీరామోజు హరగోపాల్ కన్వీనరుగా ఉన్న కొత్త తెలంగాణ చరిత్ర బృందంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, చిరుద్యోగులు సెలవు రోజుల్లో గుట్టలెక్కి రాతి చిత్రాలను, వీరగల్లులను, శాసనాలను గుర్తిస్తున్నారు.

ఇంగ్లండులో ఇదే అభిరుచి మరో రూపం తీసుకుంది. అక్కడ వేలమంది చేత మెటల్ డిటెక్టర్ పట్టుకుని, రైతు అనుమతితో పొలాల్లో తిరుగుతారు. గత పదిహేనేళ్లుగా ఈ అభిరుచి గురించి ఒక కొత్త మాట వినిపిస్తోంది. పాత వస్తువుల వెదుకులాట దిగులును, ఒంటరితనాన్ని తగ్గిస్తుందని, యుద్ధం చూసి వచ్చిన సైనికులకు సైతం ఊరటనిస్తుందని ఆ మాట. అది నిజమైతే ధర్పల్లి లాంటి మండల కేంద్రంలో ఉండి, పగలు పని చేసుకుంటూ రాత్రి చదువుకునే విద్యార్థికి కూడా పనికి రావాలి. పనికి వస్తుందా అన్నదే ఈ పాఠంలో మన ప్రశ్న.

ఒక వాదాన్ని విమర్శించేటప్పుడు నాలుగు ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి. వాదం సరిగ్గా ఏమంటోంది? దేని మీద నిలబడి ఉంది? ఎక్కడ పుట్టింది, దాన్ని ఎక్కడికి తెస్తున్నాం? ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు? కింది భాగాలు ఈ వరుసలోనే సాగుతాయి.

1.2 వాదం ఏమంటోంది?

'పురాతత్వం మనసుకు మంచిది' అనే ఒక్క వాక్యంలో కనీసం మూడు వేర్వేరు మాటలు ఉన్నాయి. వాటిని విడదీయకపోతే విమర్శ ముందుకు సాగదు.

మొదటిది, శ్రద్ధకు సంబంధించినది. దున్నిన చేలో వంగి, అడుగడుగూ చూస్తూ నడిచేవాడి దృష్టి కాళ్ల ముందున్న మట్టి మీద ఉంటుంది. అప్పుల లెక్కలు, పాత గొడవలు కాసేపు వెనక్కి పోతాయి. పనిలో పూర్తిగా లీనమయ్యే స్థితిని మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ 1990లో వెలువడిన 'ఫ్లో' అనే గ్రంథంలో వివరించాడు. ప్రకృతి మధ్య గడిపితే అలసిన శ్రద్ధ తిరిగి పుంజుకుంటుందని రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో ప్రతిపాదించారు.

రెండోది, తోడుకు సంబంధించినది. నలుగురు కలిసి నడుస్తారు. ఒకరికి దొరికింది మరొకరికి చూపిస్తారు. మాట్లాడటానికి ఒక సాకు దొరుకుతుంది. మనసులో మాట నేరుగా చెప్పలేని మగవాళ్లకు ఇది మరీ అవసరం అని ఈ వాదాన్ని సమర్థించేవారు అంటారు.

మూడోది, కాలానికి సంబంధించినది. రెండు వేల ఏళ్ల కిందట ఎవరో చేసిన కుండ పెంకును చేతిలోకి తీసుకున్నప్పుడు, మన కష్టం చాలా పొడుగైన కథలో ఒక చిన్న భాగంగా కనిపిస్తుంది. కొందరికి అది ధైర్యం. కొందరికి అదే దిగులు కూడా కావచ్చు.

ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ మెటల్ డిటెక్టర్ తప్పనిసరి కాదని గమనించండి. నడక, చూపు, తోడు, ఆలోచన ఉంటే చాలు. అయితే యంత్రం తెచ్చే అదనపు ఆకర్షణ ఏమిటి? అది 'కీ' మని మోగడం. ఆ మోతకు అర్థం బంగారు నాణెం కావచ్చు, తుప్పు పట్టిన మేకు కావచ్చు. ఎప్పుడు వస్తుందో తెలియకుండా, అప్పుడప్పుడు వచ్చే బహుమతి అలవాటును గట్టిగా పట్టి ఉంచుతుందని బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపాయి. లాటరీ టికెట్టు, ఫోన్‌లో రమ్మీ ఆట మనిషిని పట్టేది ఈ దారిలోనే. కాబట్టి యంత్రం వల్ల వచ్చే ఉత్సాహాన్ని, నడక వల్ల వచ్చే నెమ్మదిని ఒకే ఖాతాలో రాయకూడదు. మొదటిది మనసును ఎగదోస్తుంది. రెండోది కుదుటపరుస్తుంది.

1.3 వాదానికి ప్రాచుర్యం తెచ్చిన రచనలు

ఒక ఆలోచన జనంలోకి వెళ్లడానికి పరిశోధన పత్రాలకన్నా కథలే ఎక్కువ తోడ్పడతాయి. ఈ ఆలోచనకు అలా తోడ్పడినవాటిలో రెండింటిని పరిశీలిద్దాం.

మొదటిది 'డిటెక్టరిస్ట్స్' అనే ధారావాహిక. బిబిసి ఫోర్ చానెల్‌లో 2014 నుంచి 2017 దాకా మూడు విడతలుగా వచ్చింది. 2022లో ఒక ప్రత్యేక భాగం ప్రసారమైంది. రచన, దర్శకత్వం మెకెంజీ క్రూక్. ఇందులో ఆండీ చిన్నాచితకా ఉద్యోగాలు చేస్తూ పురాతత్వంలో పట్టా కోసం చదువుతుంటాడు. లాన్స్ భార్య విడిచి వెళ్లిన మనిషి. ఇద్దరూ రోజంతా పొలాల్లో తిరిగితే దొరికేవి శీతల పానీయాల డబ్బాల రింగులు, బొత్తాలు. మొదటి విడత చివర వాళ్లు నిరాశగా వెళ్లిపోతుంటే కెమెరా భూమిలోకి దిగి, వాళ్ల కాళ్ల కింద ఉన్న నిధిని మనకు మాత్రమే చూపిస్తుంది. ఏమీ దొరకని రోజునే కథా వస్తువుగా చేయడం ఈ ధారావాహిక గొప్పతనం. ఊరట దొరికిన వస్తువులో లేదు, పక్కన కూర్చుని ఫ్లాస్కులో టీ పంచుకునే స్నేహితుడిలో ఉంది అని అది నమ్మిస్తుంది.

కానీ ఇక్కడొక పగులు ఉంది. మూడో విడత చివర చెట్టు మీది పక్షి గూళ్ల నుంచి బంగారు నాణేలు రాలతాయి. బంగారం ముఖ్యం కాదని ఇంతసేపూ చెప్పిన కథ, చివరికి బంగారం ఇవ్వకుండా ఉండలేకపోయింది. తన మాటను తానే పూర్తిగా నమ్మలేదన్నమాట. ప్రేక్షకుడు రెండు కోరికలనూ తీర్చుకుంటాడు. నిజ జీవితంలో ఆ రెండోది తీరదు.

రెండోది 'ది డిగ్'. జాన్ ప్రెస్టన్ 2007లో రాసిన నవల, 2021లో సైమన్ స్టోన్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. 1939లో ఇంగ్లండులోని సటన్ హూ దగ్గర బయటపడిన ఓడ సమాధి దీనికి ఆధారం. తవ్విన బాసిల్ బ్రౌన్ పన్నెండో ఏటనే బడి మానేసినవాడు. ఖగోళం, భూగోళం, భూగర్భ శాస్త్రాలను పోస్టులో వచ్చే పాఠాల ద్వారా నేర్చుకున్నాడు. దూరవిద్య విద్యార్థులు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తవ్వించిన ఎడిత్ ప్రెటీ భర్తను పోగొట్టుకున్న స్త్రీ. దొరికిన సంపద చట్టప్రకారం ఆమెదే అని తేలినా, ఆమె దాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేసింది. మృత్యువు ఎదుట మనిషి దేన్ని మిగుల్చుకుంటాడన్న ప్రశ్నను సినిమా నెమ్మదిగా, గంభీరంగా అడుగుతుంది.

దాని లోపం మరోచోట ఉంది. 1939 నాటికే సొంతంగా తవ్వకాలు నిర్వహించిన పెగ్గీ పిగట్‌ను సినిమా అనుభవం లేని అమ్మాయిగా చూపించింది. శరీరం తేలిక కాబట్టి ఆమెను పిలిచారన్నట్టు చిత్రించి, ఆ తరువాత ఒక ప్రేమకథలోకి నెట్టింది. బ్రౌన్‌కు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దబోయి, ఒక స్త్రీకి మరో అన్యాయం చేసింది. ఎవరి పేరు మిగులుతుంది అన్నది పురాతత్వంలో ఎప్పుడూ ఉన్న సమస్యే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. 'పురాతత్వం మనసుకు మంచిది' అనే వాదంలోని మూడు అంశాలు ఏవి?
2. 'డిటెక్టరిస్ట్స్' ముగింపు దాని ప్రధాన భావానికి ఎలా విరుద్ధంగా ఉంది?

1.4 ఆధారాల బలం ఎంత?

కథలను పక్కన పెట్టి కార్యక్రమాలకు వద్దాం. బ్రిటిష్ సైన్యంలో 2011లో 'ఆపరేషన్ నైటింగేల్' మొదలైంది. అఫ్గానిస్తాన్‌లో గాయపడి వచ్చిన సైనికులను సాలిస్‌బరీ మైదానంలో పురావస్తు తవ్వకాల్లో భాగం చేశారు. బారో క్లంప్ అనే చోట ఆంగ్లో-సాక్సన్ శ్మశానాన్ని వారు తవ్వారు. 2016–2018 మధ్య 'హ్యూమన్ హెంజ్' అనే కార్యక్రమం మానసిక సమస్యలతో జీవిస్తున్నవారిని స్టోన్‌హెంజ్ పరిసరాల్లో బృందాలుగా నడిపించింది.

పాల్గొన్నవారు చాలామంది మేలు కలిగిందని చెప్పారు. ఆ మాటను తీసిపారేయనక్కరలేదు. కానీ విమర్శకుడు మూడు సంగతులు అడగాలి. ఇవి చిన్న బృందాలు. ఇష్టపడి వచ్చినవారితో చేసినవి. మేలును కొలిచింది ఎక్కువగా పాల్గొన్నవారి సొంత మాటల ద్వారానే. అదే మనుషులు, అదే స్నేహితులతో, అన్ని రోజులూ తోటపని చేసినా, చెరువు పూడిక తీసినా ఇంతే మేలు కలిగేదేమో! పోల్చి చూడటానికి మరో బృందం లేనప్పుడు మేలు పురాతత్వానిదా, తోడుదా అని తేల్చలేం.

దిగులులో ఉన్న మనిషిని చిన్న చిన్న పనుల్లోకి క్రమంగా దింపడం మానసిక చికిత్సలో ఒక గుర్తింపు పొందిన పద్ధతే. అభిరుచి పురాతత్వం ఆ పద్ధతికి ఒక మంచి దారి కాగలదు. కానీ అది చికిత్సకు తోడు మాత్రమే, చికిత్సకు బదులు కాదు. నిద్ర పట్టక, బతుకు మీద ఆశ పోయిన మనిషికి 'గుట్టకు పోదాం పా' అనడం స్నేహం. డాక్టరు దగ్గరికి వద్దు, గుట్టకు రా అనడం ప్రమాదం. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరు మీద తెలుగులోనూ అందుతోంది. ఈ పాఠం చదివేవారు ఆ నంబరును ఇంటి గోడ మీద రాసిపెట్టుకున్నా తప్పు లేదు.

1.5 ఇంగ్లండు పొలం నుంచి తెలుగు నేలకు: లంకె బిందెలు

ఇప్పుడు మూడో ప్రశ్న. ఈ ఆలోచనను మన నేల మీదకు తెస్తే ఏమవుతుంది?

తెలుగువాళ్ల ఊహలో భూమిలో దాగినదానికి ఎప్పటినుంచో ఒక రూపం ఉంది. అదే లంకె బిందెలు. గొలుసుతో కలిపిన రెండు బిందెలు, వాటి నిండా బంగారం, కాపలాగా పాము. ఆ సొమ్ము తీయాలంటే పూజ కావాలి, కొందరి మాటల్లో బలి కూడా కావాలి. ఈ నమ్మకం కథల్లోనే ఉండిపోతే బాధ లేదు. గుప్తనిధుల పేరుతో పాత గుడి గర్భగుడిని, కోట బురుజును, నంది విగ్రహం కింది భాగాన్ని రాత్రికి రాత్రి తవ్విపారేసిన వార్తలు మన జిల్లాల్లో తరచూ వస్తుంటాయి. ఆ వార్తల్లో గడ్డపారతో పాటు మెటల్ డిటెక్టర్ కూడా కనిపిస్తుంది.

తెలుగు సినిమా ఈ ఊహను పెంచింది. 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' నిధి కోసం పరుగు. 2013లో వచ్చిన 'సాహసం'లో ఒక సెక్యూరిటీ గార్డు తాత సొత్తును వెతుక్కుంటూ పాకిస్తాన్ దాకా వెళ్తాడు. ఇవి మంచి వినోద చిత్రాలే. కానీ వాటిలో వస్తువు దొరకగానే కథ ముగుస్తుంది. ఆ వస్తువు ఎవరిది, ఏ పొరలో ఉంది, దాని పక్కన ఏముంది అని ఎవరూ అడగరు. 'డిటెక్టరిస్ట్స్'లో ఏమీ దొరకని రోజు కథ అయింది. మన చిత్రాల్లో దొరికిన క్షణమే కథ. ఒకే యంత్రం ఈ రెండు సంస్కృతుల్లో రెండు వేర్వేరు పనులు చేస్తుంది. అక్కడ పొలంలో యంత్రం పట్టుకున్నవాడిని పిచ్చి మారాజు అని నవ్వుతారు. ఇక్కడ ఊరి శివారులో యంత్రంతో కనిపించినవాడిని దొంగ అనుకుంటారు, లేదా తానే నిధి చూపిస్తానని నమ్మించే మంత్రగాడు అనుకుంటారు. ఇద్దరి విషయంలోనూ జరిగేది మనసు నెమ్మదించడం కాదు.

1.6 ధర్పల్లి నుంచి కోనసముద్రం: యంత్రానికి వినపడనివి

నిజామాబాద్ జిల్లా తూర్పు భాగం లోహ చరిత్రకు పుట్టినిల్లు. ధర్పల్లి, భీమ్‌గల్ దాటి వెళ్తే కమ్మర్‌పల్లి వస్తుంది. కమ్మరి మాట ఆ ఊరి పేరులోనే ఉంది. ఆ మండలంలోని కోనసముద్రంలో ఒకప్పుడు ప్రపంచ ప్రసిద్ధమైన ఊట్జ్ ఉక్కు తయారయ్యేది. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయ్సీ ఆ ఊరికి వచ్చి, ఉక్కు చేసే విధానాన్ని కళ్లారా చూసి రాశాడు. ఆయన మరణానంతరం 1832లో ఆ వ్యాసం బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పారశీక వర్తకుడు ఉక్కు కోసం అక్కడ మకాం వేశాడని కూడా అందులో ఉంది. 2010లో ఎస్. జైకిషన్, గిలియన్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్ తదితరులు ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఊరూరా తిరిగి ఇనుము, ఉక్కు తయారీ ఆనవాళ్లను నమోదు చేశారు. బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన పని అది.

ఇంతటి లోహపు నేల మీద మెటల్ డిటెక్టర్ పట్టుకుని నడిస్తే ఏమవుతుందో ఊహించండి. పాత కొలుముల చుట్టూ చిట్టెపు రాళ్లు కుప్పలుగా పడి ఉంటాయి. ఇనుము మిగిలిన ప్రతి ముక్కకూ యంత్రం స్పందించవచ్చు. అన్నిచోట్లా మోగే యంత్రం ఏమీ చెప్పని యంత్రంతో సమానం. ఇంకా ముఖ్యమైనది వేరే ఉంది. ఉక్కు కథను చెప్పే అసలు సాక్ష్యాలు మట్టివి. ఉక్కు కరిగించిన మూసల ముక్కలు మట్టివి. తిత్తి గాలిని కొలిమిలోకి పంపిన గొట్టాలు మట్టివి. పనివాళ్లు తిన్న కుండల పెంకులు మట్టివి. ఇవేవీ యంత్రానికి వినపడవు. వాటిని చూడటానికి కన్ను కావాలి. గుర్తించడానికి ఊళ్లోని ముసలి కమ్మరితో మాట్లాడే ఓపిక కావాలి.

మన ఊళ్లలో పాత ఊరి దిబ్బను పాటిగడ్డ అంటారు. ఆ పాటిమట్టి సారవంతమని రైతులు బండ్లతో, ట్రాక్టర్లతో చేలకు తోలుకుంటారు. దానితో పాటే పెంకులు, పూసలు, ఒక్కోసారి నాణేలు చేలల్లోకి చేరతాయి. వానలు పడ్డాక అవి పైకి తేలతాయి. తవ్వకుండా, యంత్రం లేకుండా, గట్టున నడుస్తూ వీటిని చూడవచ్చు. పెద్ద బండలతో కట్టిన పాత సమాధులను జనం రాక్షస గుళ్లు అంటారు. వాటిని చూసినప్పుడు అది ఒకరి అంత్యక్రియల చోటు అన్న ఎరుక ఉండాలి. తాకకుండా చూడటం కూడా ఒక మర్యాదే.

గోదావరి వెంట దిగువకు వెళ్తే జగిత్యాల జిల్లాలో కోటిలింగాల ఉంది. అక్కడ నేల మీద దొరికిన నాణేలను స్థానికుడైన సంగనభట్ల నరహరి శర్మ సేకరించి, శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రికి అందించాడు. గోబద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు, శాతవాహన వంశ స్థాపకుడు చిముకుని పేరు ఆ నాణేల మీద చదవగలిగారు. ఆ తరువాతే ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు చేపట్టింది. తొలి శాతవాహనుల చర్చలో తెలంగాణ నడిమధ్యకు వచ్చింది. అవే నాణేలు కంసాలి మూసలోకి పోయి ఉంటే తులాల లెక్కన కొంత సొమ్ము వచ్చేది, అంతే. దొరికిన చోటు తెలియని నాణెం ఊరి పేరు లేని ఉత్తరం లాంటిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. కోనసముద్రం ప్రాంతంలో మెటల్ డిటెక్టర్ ఎందుకు సరైన సాధనం కాదు?
2. కోటిలింగాల ఉదాహరణలో నాణేల కన్నా విలువైనది ఏది?

1.7 చట్టం ఏం చెబుతోంది?

ఇంగ్లండు నమూనాను కళ్లు మూసుకుని అనుసరించేవారికి మొదట ఎదురయ్యేది చట్టం. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు మించితే, దొరికినవారు ఆ సంగతిని లిఖితపూర్వకంగా కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1958 ప్రాచీన కట్టడాల చట్టం రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకాన్ని నిషేధిస్తుంది. 1972 పురావస్తువుల, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం, విగ్రహం వంటివి పురావస్తువులే. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది.

ఇంగ్లండులోనూ యంత్రం పట్టుకున్నవాడికి అంతా స్వేచ్ఛే అనుకోకూడదు. అక్కడి రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం నేరం. 2015లో లెమ్‌స్టర్ దగ్గర దొరికిన వైకింగ్ కాలపు నిధిని ప్రకటించకుండా అమ్ముకున్న ఇద్దరికి 2019లో ఏళ్ల తరబడి జైలు శిక్ష పడింది. ఊరట కోసం మొదలైన అభిరుచి ఏ గట్టు దాటితే నేరమవుతుందో ఆ కేసు చూపింది.

1.8 తీరిక ఎవరికి ఉంది?

నాలుగో ప్రశ్న అన్నిటికన్నా పదునైనది. అభిరుచికి తీరిక కావాలి, నిర్భయంగా నడవగల బయలు కావాలి. ఈ రెండూ అందరికీ సమానంగా లేవు.

నిజామాబాద్ జిల్లాలో వేల ఇళ్లలో ఆడవాళ్లు చేట ముందు కూర్చుని బీడీలు చుడతారు. ఎన్ని చుడితే అంత కూలి. ఆదివారం గుట్టకు పోతే ఆ రోజు కూలి పోతుంది. పైగా ఒంటరిగా చేల వెంట తిరిగే ఆడమనిషిని ఊరు ఊరికే వదలదు. గల్ఫ్‌లో ఏళ్లు గడిపి, అప్పులతో తిరిగి వచ్చిన మగవాడికి తీరిక ఉండవచ్చు. కానీ ఆ తీరిక సెలవు కాదు, పనిలేనితనం. 1930లలో బోధన్ శక్కర్‌నగర్‌లో వెలసి చెరకు రైతులకు, కార్మికులకు ఆధారమైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ కుటుంబాల దిగులుకు కారణం మనసులో లేదు, మూసిన గేటు దగ్గర ఉంది.

కష్టానికి మూలం సమాజంలో ఉన్నప్పుడు దానికి మందును వ్యక్తి అలవాట్లలో వెతకడం ఒక రకం తప్పించుకోవడం. 'నడవండి, పాత పెంకులు ఏరండి, మనసు కుదుటపడుతుంది' అనే సలహా ఫ్యాక్టరీ తెరవాల్సినవారికి, కూలి పెంచాల్సినవారికి చాలా సౌకర్యంగా ఉంటుంది. అభిరుచి పురాతత్వాన్ని మెచ్చుకునే రచనలు సాధారణంగా ఈ మాట ఎత్తవు. ఈ వాదంలోని అతి పెద్ద ఖాళీ ఇదే.

1.9 ప్రతివాదం

న్యాయమైన విమర్శ ఎదుటి పక్షపు బలమైన మాటను కూడా వినాలి.

ఇంగ్లండు, వేల్స్‌లలో 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ మామూలు జనానికి దొరికిన వస్తువులను నమోదు చేస్తోంది. ఆ నమోదులు 10 లక్షలు ఎప్పుడో దాటాయి. వాటిలో ఎక్కువ భాగం డిటెక్టర్ వాడేవారివే. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో వేల ముక్కల ఆంగ్లో-సాక్సన్ బంగారం బయటపడింది కూడా ఒక డిటెక్టర్ వల్లే. అంటే జనాన్ని నమ్మి, చెప్పడానికి ఒక చోటు చూపిస్తే, వాళ్లు వచ్చి చెబుతారు. మన దగ్గర పొలంలో నాణెం దొరికిన రైతు మొదట భయపడతాడు. చెబితే పోలీసులు వస్తారని, పొలం తవ్వుతారని, పంట పోతుందని అతని లెక్క. ఆ భయమే నాణేన్ని కంసాలి దగ్గరికి చేరుస్తుంది. శిక్ష ఒక్కటే చెప్పి, గౌరవం ఇవ్వని చట్టం వారసత్వాన్ని పూర్తిగా కాపాడలేదు.

ఇంకో మాట. పురాతత్వం డిగ్రీ ఉన్నవారిదే అంటే బాసిల్ బ్రౌన్ ఉండడు, నరహరి శర్మ ఉండడు. ఊరి గతాన్ని ప్రేమించే హక్కు ఆ ఊరివాళ్లకే లేదనడం అన్యాయం. తీరిక లేనివారికి ఈ పని అందదన్న మాట నిజమే. దానికి జవాబు పనిని వదిలేయడం కాదు. దాన్ని బడికి, గ్రంథాలయానికి, మహిళా సంఘానికి, ఉపాధి హామీ పని చోటుకు దగ్గర చేయడం. చెరువు పూడిక తీసే కూలీల చేతికి దొరికే ఆనవాళ్లు ఏ పరిశోధకుడి చేతికీ అన్ని దొరకవు.

కాబట్టి మన తీర్పు ఇది. నడక, చూపు, తోడు, నమోదు – వీటి వల్ల కలిగే మేలును అంగీకరించవచ్చు. యంత్రాన్ని, గడ్డపారను ఆ మేలులో భాగంగా అంగీకరించలేం. మన నేల మీద ఈ అభిరుచికి సరిపడే సాధనాలు నోటు పుస్తకం, కొలత టేపు, ఫోన్ కెమెరా. కనిపించినదాన్ని కదల్చకుండా ఫొటో తీయాలి. చోటు, తేదీ, చెప్పినవారి మాట రాయాలి. తహసీల్దారు కార్యాలయానికి గాని, రాష్ట్ర వారసత్వ శాఖకు గాని తెలియజేయాలి. నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు ఒకసారి వెళ్తే, ఏది దేనికి ఆనవాలో కంటికి అలవాటవుతుంది. ఇలా చేసినవారికి బంగారం దొరకదు. తమ ఊరి పేరు ఒక నమోదు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఏమీ కానివాణ్నన్న దిగులు ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

1.10 సారాంశం

అభిరుచి పురాతత్వం మనసుకు మేలు చేస్తుందనే వాదంలో శ్రద్ధ, తోడు, కాలస్పృహ అనే మూడు అంశాలు ఉన్నాయి. వీటిలో దేనికీ మెటల్ డిటెక్టర్ తప్పనిసరి కాదు. 'డిటెక్టరిస్ట్స్', 'ది డిగ్' ఈ భావాన్ని అందంగా చెప్పినా, వాటిలో అంతర్గత వైరుధ్యాలు ఉన్నాయి. బ్రిటన్ కార్యక్రమాల ఆధారాలు ఆశాజనకమే గాని చిన్నవి. తెలుగు నేల మీద లంకె బిందెల ఊహ, చట్టం, తీరికలోని అసమానత ఈ వాదం అర్థాన్ని మారుస్తాయి. తవ్వని, తీసుకుపోని, రాసిపెట్టే అభిరుచిగా మలచుకున్నప్పుడే అది మనిషికీ ఊరికీ పనికి వస్తుంది. మానసిక చికిత్సకు గాని, బతుకుతెరువుకు గాని అది బదులు కాదు.

1.11 కీలక పదాలు

పాటిగడ్డ: పాత జనావాసం ఉన్న దిబ్బ.
చిట్టెం: ఇనుము కరిగించినప్పుడు మిగిలే మలినం, గట్టిపడి రాయిలా ఉంటుంది.
మూస: లోహాన్ని కరిగించే మట్టి పాత్ర.
వీరగల్లు: పోరులో మరణించిన వీరుని జ్ఞాపకార్థం నిలిపిన శిల.
ఉపరితల పరిశీలన: తవ్వకుండా, నేల మీద కనిపించే ఆనవాళ్లను చూసి నమోదు చేయడం.

1.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. అభిరుచి పురాతత్వం మానసిక ఆరోగ్యానికి తోడ్పడుతుందనే వాదాన్ని నాలుగు విమర్శ ప్రశ్నల ఆధారంగా పరిశీలించండి.
2. 'కష్టానికి మూలం సమాజంలో ఉన్నప్పుడు మందును వ్యక్తి అలవాట్లలో వెతకడం తప్పించుకోవడం' – ఈ అభిప్రాయాన్ని మీ ప్రాంతపు ఉదాహరణతో చర్చించండి. దీనితో మీరు ఏకీభవించకపోతే కారణాలు రాయండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. లంకె బిందెల ఊహకు, 'డిటెక్టరిస్ట్స్' చూపిన ఊహకు తేడా ఏమిటి?
2. 1878 నాటి చట్టం దొరికినవారిపై ఏ బాధ్యత పెడుతోంది?
3. కోటిలింగాల నాణేల ఉదంతం నుంచి అభిరుచి పరిశోధకులు నేర్చుకోవలసినది ఏమిటి?

III. అభ్యాస కృత్యం
మీ ఊళ్లో పాటిగడ్డగా, పాత గుడిగా, వీరగల్లుగా పిలిచే ఒక చోటును ఎంచుకోండి. దేన్నీ కదల్చకుండా మూడు సార్లు వెళ్లి చూడండి. వాటిలో ఒకసారి ఊరి పెద్దలలో ఒకరిని వెంట తీసుకువెళ్లండి. మూడు సార్లూ మీకు కనిపించినవి రెండు పేజీలలో రాయండి. మూడోసారి మాత్రమే కనిపించింది ఏమిటో చివర ప్రత్యేకంగా పేర్కొనండి.